రాబోయే కోపానికి బైండోవర్

రాళ్లవాగు సర్కిల్‌లో ఆ ఏడాది నమోదైన నేరాలన్నింటిలోకి పెద్దది ఇంకా జరగలేదు. పన్నెండో తారీఖున జరగాల్సి ఉంది. నేరం పేరు చిరాకు. చేయబోయేది మహిళా కానిస్టేబుల్ భూలక్ష్మి. పోలీసులకు ఇంత ముందుగా ఎట్లా తెలిసిందంటే, ఆమే చెప్పింది.

చెప్పకుండా ఉండాల్సింది. పదకొండేళ్ల సర్వీసులో, అడిగిన వెంటనే నిజం చెప్పేయడం ఆ శాఖలో పనికొచ్చే అలవాటు కాదని ఆమెకు తెలిసే ఉండాలి.

అసలు సంగతి ఇది. నెలసరికి నాలుగు రోజుల ముందు నుంచీ భూలక్ష్మికి ఒళ్లు తనది కాకుండా పోయేది. కాళ్లు ఉబ్బి బూట్లు పట్టేవి కావు. రొమ్ములు సలిపేవి. తల పగిలిపోయేది. బందోబస్తులో ఎవడన్నా వచ్చి "మేడం, ఇటు నుంచి పోవచ్చా?" అంటే ఏడుపన్నా వచ్చేది, లాఠీ అన్నా లేచేది. రెండింట్లో ఏది ముందొస్తుందో ఆమెకే తెలియదు. అట్లాంటి ఒక రోజున కూతురు చందన మజ్జిగ గ్లాసు ఒలకబోసింది. తొమ్మిదేళ్ల పిల్ల. భూలక్ష్మి కొట్టిన దెబ్బకు చెంప మీద నాలుగు వేళ్లూ తేలాయి. తెల్లారి నెలసరి వచ్చింది, ఆమెకు తల తేలికైంది, పిల్ల చెంప మీది వేళ్లు మాత్రం అట్లాగే ఉన్నాయి. ఆమె నేరుగా బస్తీ దవాఖానాకు పోయి నర్సు ముందు కూలబడింది.

"నాకు పిచ్చి లేస్తున్నది సిస్టర్."

"పిచ్చి లేదు, ఏం లేదు" అంది నర్సు, సూదులు సర్దుకుంటూనే. "ఓ నోటుబుక్కు పెట్టుకో. నడుమ గీత కొట్టు. ఎడమ దిక్కు ఆ రోజు ఒంట్ల ఏమున్నదో రాయి. కుడి దిక్కు ఆ రోజు బయట ఏమైందో రాయి. మూడు నెలలు రాసి తీస్కరా. ఏది ఒంటి తప్పో, ఏది లోకం తప్పో అండ్లనే కనవడ్తది."

రాసింది. కనబడింది. ఆ నాలుగు రోజుల్లో ఎండలో నిలబడే డ్యూటీ పడితే నరకం, కూర్చునే డ్యూటీ పడితే ఉత్త తలనొప్పి. తొక్కు పచ్చళ్లు, ఉప్పు తగ్గిస్తే కాళ్ల వాపు తగ్గింది. చాయ్ తగ్గిస్తే నిద్ర పట్టింది. నొప్పికి డాక్టరమ్మ గోలీ రాసిచ్చింది. కూతుర్ని కూర్చోబెట్టి, "ఈ నాలుగు దినాలు అమ్మకు తిక్కుంటది బిడ్డా, నీ తప్పేం లేదు" అని చెప్పింది. తోటి కానిస్టేబుల్ షాహీన్‌తో ఒప్పందం కుదుర్చుకుంది: భూలక్ష్మికి బాగాలేని రోజుల్లో షాహీన్ చౌరస్తాలో నిలబడుతుంది, భూలక్ష్మి స్టేషన్‌లో రిసెప్షన్ చూస్తుంది. షాహీన్ రోజులు వస్తే ఈమె చౌరస్తాకు పోతుంది. ఐదు నెలలు చప్పుడు లేకుండా నడిచింది. చందన చెంప చెంపలాగే ఉంది.

ఒక ఆడమనిషి తన ఒంటిని తానే చదువుకుని, తన సంగతి తానే చక్కబెట్టుకుంటే, నడుమ ప్రభుత్వం ఉన్నది ఎందుకు?

ఆ ప్రశ్న సీఐ నరహరికి రోల్‌కాల్‌లో వచ్చింది.

ఆయన అప్పటికే చిక్కుల్లో ఉన్నాడు. నేరం జరిగాక పట్టుకోవడం పాత పద్ధతి, జరగకముందే పట్టుకోవాలి, దాని పేరు ముందస్తు పోలీసింగ్, ప్రతి సర్కిల్ నుంచి నెలవారీ క్రైం మీటింగ్‌కు ఒక వినూత్న ప్రయోగం తేవాలి అని పైనుంచి ఉత్తరువు. పోయిన నెల నరహరి స్టేషన్ ముందు పెట్టించిన పూలకుండీల ఫొటో తీసుకుపోయాడు. పై అధికారి ఆ ఫొటోను చాలాసేపు చూసి, "ఇందులో దొంగ ఎవరు?" అని అడిగాడు. ఆ మాట నరహరికి నిద్రలో కూడా వినబడుతోంది.

"భూలక్ష్మీ, చౌరస్తా డ్యూటీల నీ పేరుంటే షాహీన్ ఎందుకు నిలబడ్డది?"

"మేమిద్దరం మార్చుకున్నం సార్. నాకు నెలసరి దగ్గర పడ్డది. ఈ నాలుగు దినాలు నాకు మస్తు కోపమొస్తది, ఎండల నిలబడితే ఇంకా ఎక్కువైతది. లెక్క రాసుకున్న సార్. ఎనిమిది నెలల సంది రాస్తున్న."

వరుసలో నిలబడ్డ మగ కానిస్టేబుళ్లు బూట్లు చూసుకున్నారు. నరహరి మాత్రం చూపు తిప్పలేదు. ఆయన ముఖంలో ఏదో వెలిగింది.

"అంటే, నీకు కోపం ఎప్పుడొస్తదో ముందే తెలుస్తదా?"

"దగ్గరదగ్గర తెలుస్తది సార్. ఒకటి రెండు దినాలు అటిటు."

"తేదీలతో సహా?"

"రాసిపెట్టిన గద సార్."

నరహరి టోపీ సర్దుకున్నాడు. "నేరపూరిత స్వభావానికి సంబంధించిన ముందస్తు సమాచారం నీ దగ్గరే పెట్టుకుని, సంస్థకు తెలపకపోవడం ఎంత తీవ్రమైన విషయమో తెలుసా? ఆ నోటుబుక్కు ఇటు తే."

నోటుబుక్కును మామూలుగా తీసుకుంటే అది దొంగతనమవుతుంది కాబట్టి పంచనామా చేసి తీసుకున్నారు. ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ యాకయ్యనూ, జిరాక్స్ షాపాయననూ పంచులుగా, అంటే సాక్షులుగా పిలిచారు. "నలభై పేజీల నోటుబుక్కు, అట్ట మీద నెమలి బొమ్మ, మొదటి పేజీలో నూనె మరక" అని రాసి, గుడ్డ సంచిలో వేసి, లక్కతో సీలు కొట్టారు. సీలు కొట్టే ముందు నరహరి ఎడమ దిక్కు కాలమ్ మొత్తం జిరాక్స్ తీయించాడు. కుడి దిక్కు అక్కర్లేదన్నాడు.

"అది కూడా కావాలె గద సార్" అంది భూలక్ష్మి. "అది లేకుంటే ఇది సగమే."

"బయట ఏమైందన్నది దర్యాప్తు పరిధిలోకి రాదు. మనకు నిందితురాలి ఒళ్లు చాలు."

ఆ విధంగా 'ఆపరేషన్ ముందుచూపు' మొదలైంది. సర్కిల్‌లోని ఆడవాళ్లంతా, అంటే పదకొండు మంది కానిస్టేబుళ్లు, ఒక ఏఎస్సై, రోజూ తమ లక్షణాలు స్టేషన్‌లో నమోదు చేయించాలి. దానికి కొత్త ఫారం కొట్టించేంత టైము లేదు. ఉన్న ఫారమే వాడమన్నారు. ఉన్నది ఎఫ్.ఐ.ఆర్. ఫారం.

రైటర్ మొగిలయ్య నిదానస్తుడు. ముప్పై ఏళ్లుగా ఏది చెప్పినా రాస్తాడు, ఏది రాసినా చదవడు.

"ఏం పోయిందమ్మా?" అన్నాడు మొదటి రోజు, అలవాటుగా.

"పోలే మొగిలన్నా, వచ్చింది. కడుపుబ్బరం" అంది షాహీన్.

"జరిగిన స్థలం?"

"కడుపు."

"స్టేషన్‌కు ఎంత దూరం?"

"ఈడనే ఉన్న గదనే!"

"దూరం లేదు" అని రాశాడు. "దిక్కు?"

షాహీన్ తల వంచి చూసుకుంది. "బొడ్డుకు కింద."

"దక్షిణం" అని రాశాడు. "అనుమానితులు ఎవరన్నా ఉన్నారా?"

"పొద్దుగాల తిన్న మిర్చి బజ్జీలు."

"ఎన్ని?"

"నాలుగు."

"నలుగురు" అని రాసి, సంతకం పెట్టించుకున్నాడు.

కన్నీళ్లకు వేరే పద్ధతి. ఎవరన్నా ఏడిస్తే ఇద్దరు పంచుల సమక్షంలో ఏడవాలి. కర్చీఫ్ సీజ్ చేసి సీలు వేస్తారు. వారం తిరిగేసరికి సీజ్ చేసిన సొత్తు దాచే మాల్ఖానాలో దొంగ మోటార్ల పక్కన పదిహేడు తడి కర్చీఫులు చేరాయి. చాయ్ హోటల్ యాకయ్య కొట్టు మూసి రోజంతా స్టేషన్ బెంచీ మీదే కూర్చోవలసి వచ్చింది.

"అమ్మా, ఏడిసేదుంటే జెర అందరూ ఒక్కపారే ఏడువుండ్రి" అని దండం పెట్టాడు పాపం. "పాలు ఇరుగుతున్నయి."

షాహీన్ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్లల్లో నీళ్లొచ్చాయి. అవి కూడా సీజయ్యాయి.

మొదటి వారం తర్వాత ఇంకో చిక్కు వచ్చింది. రిజిస్టర్ ప్రకారం ఆరో తారీఖున రావాల్సిన షాహీన్ తలనొప్పి ఎనిమిది దాకా రాలేదు. నరహరి ఎర్ర సిరాతో 'పరారీ' అని రాసి మెమో ఇచ్చాడు.

"సార్, ఇది రైలు కాదు గద టైముకు రానీకి" అంది షాహీన్. "ఓ నెల ముందైతది, ఓ నెల వెనకైతది. గవర్నమెంటు క్యాలెండర్ సూసుకుని రాదు."

"తేదీలు మార్చుకుంటూ తిరగడం అలవాటైన నేరస్తుల లక్షణం" అన్నాడు నరహరి. "ఇకపై ఎవరి లక్షణాలైనా నిర్ణీత తేదీకి హాజరు కాకుంటే సంబంధిత ఉద్యోగినిదే బాధ్యత."

ఏఎస్సై సుశీలమ్మ వంతు వచ్చింది. యాభై ఆరేళ్ల మనిషి. గొంతు ఎత్తకుండానే గుంపుల్ని చెదరగొట్టగలదు.

"నాకు ఆగిపోయి నాలుగేండ్లయింది నరహరీ" అంది.

"రికార్డులో ముగింపు ఉత్తరువు ఉందా మేడం?"

"దేనికి?"

"ఆగిపోయినట్టు."

సుశీలమ్మ ఫారం ఆయన వైపు తోసేసింది.

"ముగింపు ఉత్తరువు లేదంటే, నాలుగేండ్ల నుంచి ఆచూకీ లేకుండా ఉన్నట్టు. పెండింగ్ కేసు" అని ఆయన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాడు. ఆమె కుర్చీలోంచి లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, బయట వేపచెట్టు కిందికి పోయి నిలబడింది. ఆ చేతులు అట్లా వెనక్కి ఎందుకు కట్టుకుందో స్టేషన్‌లో అందరికీ అర్థమైంది, ఆయనకు తప్ప.

క్రైం మీటింగ్‌లో నరహరి చార్టులు చూపించాడు. ఎర్ర గీతలు, నీలం గీతలు, కర్చీఫుల ఫొటోలు. పై అధికారికి అన్నీ నచ్చాయి. "గుడ్. సమాచారం ఉంది. మరి చర్య ఏది?" అన్నాడు. నరహరి చర్య వెతుక్కుంటూ తిరిగొచ్చాడు.

మొదటి చర్య డ్యూటీ మార్పిడి రద్దు. రెండోది, లక్షణాలు వచ్చే రోజుల్లో అనుమానితురాలిని అందరికీ కనబడే చోట నిఘాలో ఉంచడం. రాళ్లవాగులో అందరికీ కనబడే చోటు ఒక్కటే ఉంది. చౌరస్తా. అంటే ఏ నాలుగు రోజులు ఎండలో నిలబడకూడదని భూలక్ష్మి ఎనిమిది నెలలు కష్టపడి కనిపెట్టిందో, సరిగ్గా అదే నాలుగు రోజులు, లెక్క తప్పకుండా, ఆమెను ఎండలో నిలబెట్టారు. లెక్క ఆమెదే కాబట్టి తప్పే వీలు కూడా లేదు.

నాలుగో రోజు సాయంత్రం ఇంటికి పోయేసరికి కాళ్లు బూట్లలోంచి ఊడి రాలేదు. పొద్దటి నుంచి నీళ్లు తాగలేదు, తాగితే పోవడానికి చౌరస్తాలో మరుగుదొడ్డి లేదు. చందన ఏదో అడిగింది. పెన్సిలో, పేపరో. భూలక్ష్మి చెయ్యి లేచింది. పిల్ల ఏడవలేదు. రెండు చేతులతో రెండు చెంపలూ మూసుకుని నిలబడింది. అంతే. లేచిన చెయ్యి గాలిలో ఆగిపోయింది. భూలక్ష్మి స్నానాల గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. అక్కడ పంచులు లేరు, సీలు లేదు. కడుపునిండా ఏడ్చింది.

మరునాడు సీఐ గదికి పోయింది. "సార్, నాకు ప్రమోషన్ వద్దు, మెడల్ వద్దు. నా నోటుబుక్కు నాకియ్యుండ్రి. షాహీన్‌తోని డ్యూటీ మార్చుకోనియ్యుండ్రి. నా బిడ్డ నన్ను సూసి చెంపలు మూసుకుంటున్నది."

నరహరి పెన్ను తీశాడు. "ఇంట్లో కూడా శాంతిభద్రతల సమస్య ఉందన్నమాట."

మూడో చర్య అప్పుడే తట్టింది ఆయనకు. ఎన్నికలొస్తే రౌడీలను, పండుగలొస్తే గుడుంబా కాచేవాళ్లను ఏం చేస్తారు? ముందుగానే తహసీల్దార్ ముందుకు తీసుకుపోయి, ఏడాది దాకా ఏ గొడవా చేయనని రాయించుకుని, జామీను పెట్టించి బైండోవర్ చేస్తారు. కోపం తేదీలు ముందే తెలిసిన మనిషిని బైండోవర్ చేయకుండా వదిలితే రేపు అడిగేది ఎవరిని? ఆమె లెక్క ప్రకారం వచ్చే నెల కోపం పన్నెండున; ఇంకా మూడు వారాల పైనే ఉంది. పిటిషన్ తయారైంది. "సదరు భూలక్ష్మి నెలకొకమారు ప్రజాశాంతికి భంగం కలిగించు స్వభావము గలదై, ఆ తేదీలు నాకు ముందుగానే సంపూర్ణముగా తెలిసియున్నందున" అని మొదలుపెట్టి మూడు పేజీలు నడిపించాడు.

బైండోవర్ అయితే సర్వీసు పుస్తకంలో మచ్చ. అయ్యాక ఒక్కసారి గొంతు లేచినా ఉద్యోగం పోతుంది. ఆ రాత్రి భూలక్ష్మికి నిద్ర పట్టలేదు. దానికి నెలసరితో సంబంధం లేదు, కానీ రాసుకోవడానికి నోటుబుక్కు లేదు.

తహసీల్దార్ వసుంధర ఆఫీసులో ఫ్యాను తిరగడం లేదు. ఆమె పిటిషన్ ఒకసారి చదివింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుని ఇంకోసారి చదివింది.

"నరహరి గారూ, ఈమె చేసిన నేరమేంది?"

"ఇంకా చెయ్యలేదు మేడం. పన్నెండున చేస్తది."

"ఆధారం?"

"నిందితురాలు స్వహస్తాలతో రాసుకున్న ఒప్పుకోలు" అని సీలు వేసిన సంచి బల్ల మీద పెట్టాడు. పంచుగా వచ్చిన యాకయ్య లక్క ఊడకుండా ఉందని సాక్ష్యం చెప్పి, పాలు పొయ్యి మీద పెట్టి వచ్చానని గుర్తు చేశాడు.

వసుంధర సీలు విప్పింది. జిరాక్స్ కాగితాలు పక్కన పెట్టి నోటుబుక్కే తెరిచింది. "మీరిచ్చిన కాపీల కుడి దిక్కు కాలమ్ లేదే?"

"అది అప్రస్తుతం మేడం."

ఆమె పైకి చదివింది. "ఆగస్టు మూడు. ఒంట్ల: తలనొప్పి, కాళ్లు వాచినయి. బయట: ర్యాలీ బందోబస్తు. పొద్దుగాల ఆరు నుంచి సాయంత్రం ఐదు దాకా నిలబడ్డ. ఒంటికి పోనీకి జాగ లేదు." పేజీ తిప్పింది. "ఆగస్టు ఇరవై. ఒంట్ల: ఏం లేదు, మంచిగున్న. బయట: సీఐ సార్ ఫైలు ఇసిరిండు. మొగిలన్న నెత్తికి తగిలింది. రేపు క్రైం మీటింగ్." ఇంకో పేజీ. "సెప్టెంబరు పద్దెనిమిది. ఒంట్ల: ఏం లేదు. బయట: సార్‌కు తలనొప్పంట. అందరినీ తిట్టిండు. ఎల్లుండి క్రైం మీటింగ్."

యాకయ్య కలగజేసుకుని, "సోడా తెప్పించుకుంటడు మేడం మీటింగ్ ముందటి మూడు దినాలు, కడుపుబ్బరమని" అన్నాడు.

వసుంధర ఎనిమిది నెలలూ తిప్పి చూసింది. వేలితో లెక్క పెట్టింది. "ఈమెకు ఒక నెల ఇరవై ఆరు దినాలకే వచ్చింది, ఒక నెల ముప్పై దినాలకు వచ్చింది. మీది మాత్రం ఎనిమిది నెలల్ల ఒక్కనాడు తప్పలేదు నరహరి గారూ. ఇంత కచ్చితంగా నేను ఆడవాళ్లల్ల కూడా చూడలే."

"మేడం, నాది పరిపాలనాపరమైన ఒత్తిడి!"

"ఈమెది?"

"ఈమెది స్వభావం మేడం."

తహసీల్దార్ నోటుబుక్కు మూసింది. భూలక్ష్మి వైపు తిరిగింది. "నువ్వేమంటవమ్మా?"

భూలక్ష్మి అటెన్షన్‌లో నిలబడింది. "కోపమొచ్చేది నిజమే మేడం. అబద్ధమెందుకు చెప్త? అది నా పిల్ల మీద పడకుండ చేసుకునే ఉపాయం నాకు దొరికింది. సార్ ఆ ఉపాయాన్నే అరెస్టు చేసిండు."

వసుంధర తెల్లకాగితం తీసుకుని, "సరే. పిటిషన్ అంగీకరిస్తున్న. బైండోవర్ చేస్తున్న" అంది.

నరహరి ఛాతీ పొంగింది. భూలక్ష్మి గోడకు ఆనుకుంది.

"జామీనుదారు కావాలె. ఈమె శాంతంగా ఉండేట్టు చూడగలిగే మనిషై ఉండాలె. ఈమెను ఎండల నిలబెట్టేది, నీడకు కూసోబెట్టేది ఎవరి చేతుల ఉన్నది?"

"నా చేతుల్లో మేడం" అన్నాడు నరహరి గర్వంగా. "డ్యూటీలు వేసేది నేనే."

"కోపమొచ్చే తేదీలు ముందుగానే సంపూర్ణంగా తెలిసింది ఎవరికి? పిటిషన్‌ల రాసిండ్రు."

"నాకే మేడం."

"అయితే జామీనుదారు మీరే. సంతకం పెట్టుండ్రి. తేదీలు తెలిసి కూడా ఈమె శాంతికి భంగం కలిగే పరిస్థితి రానిస్తే మొదటి బాధ్యత మీది. రికార్డుల ఈమె పేరు పక్కన మీ పేరు కూడా ఉంటది, మచ్చ పడితే ముందుగాల మీ సర్వీసు పుస్తకంలనే పడ్తది." నోటుబుక్కు భూలక్ష్మి చేతిలో పెట్టింది. "ఇది నువ్వు రాసుకుంటనే ఉండు. జామీనుదారుకు అవసరం పడ్తది."

పన్నెండో తారీఖు వచ్చింది. భూలక్ష్మి రిసెప్షన్‌లో కూర్చుంది. ముందు రోజు సాయంత్రమే నరహరి తన గదిలోని ఫ్యాను అక్కడికి మార్పించాడు. చౌరస్తాకు షాహీన్ గొడుగుతో పోయింది. బైకు పోయిందని ఒకాయన అరుచుకుంటూ వస్తే, నరహరి గదిలోంచి ఉరికొచ్చి నోటి మీద వేలు పెట్టి, "మెల్లగ బాబూ, మెల్లగ! ఇయ్యాల పన్నెండు" అని బతిమాలాడు. బైకాయన ఎందుకో తెలియకపోయినా గొంతు తగ్గించాడు. నాలుగు రోజులూ భూలక్ష్మికి తలనొప్పి తప్ప ఏమీ రాలేదు. నాలుగో రోజు సాయంత్రం ఇంట్లో చందనకు లెక్కలు చెప్పింది. కుడి కాలమ్‌లో 'బయట: అందరు మంచిగున్నరు' అని రాసుకుంది.

పదహారున నరహరి ఊపిరి పీల్చుకుని గదిలో కూర్చున్నాడో లేదో, షాహీన్ ఒక కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏందిది?"

"బైండోవర్ పిటిషన్ సార్. నన్ను కూడ చేయించుండ్రి. మీ నమూనా చూసే రాసిన, ఒక్క మాట మార్చలే."

"పిటిషన్ పెట్టాల్సింది నేను!"

"ఎవరు పెట్టినా పర్వాలేదన్నరు తహసీల్దార్ మేడం. జామీనుదారు మాత్రం మీరే ఉండాల్నంట."

ఆమె వెనక ఇంకో తొమ్మిది మంది ఉన్నారు. వరుస వరండా దాటి యాకయ్య హోటల్ దాకా పోయింది. సాయంత్రానికల్లా అన్నీ తహసీల్దార్ ఆఫీసులో నమోదయ్యాయి. రైటర్ మొగిలయ్య పదకొండు మంది తేదీలను సీఐ గదిలో గోడ క్యాలెండర్ మీద పదకొండు రంగులతో నింపి పెట్టాడు, అడగకుండానే. జీవితంలో మొదటిసారి తను రాసింది తానే చదివి, "సార్, కోపం చేసుకోనీకి మీకు జాగ దొరుకుతలేదు" అన్నాడు.

నరహరి క్యాలెండర్ దగ్గరికి పోయి వేలు పెట్టి వెతికాడు. క్రైం మీటింగ్ ముందరి మూడు రోజులు కూడా రంగులో మునిగిపోయి ఉన్నాయి. నెలలో ఏ రోజు గొంతెత్తినా ఎవరో ఒకరి శాంతికి ఆయన జామీను. చివరికి కింద మూలన ముప్పై ఒకటో తారీఖు తెల్లగా కనబడింది. ఆయన ముఖం విప్పారింది.

"ఇదొక్కటన్నా మిగిలింది" అన్నాడు.

తలుపు దగ్గర సుశీలమ్మ గొంతు సవరించుకుంది. చేతిలో పన్నెండో పిటిషన్ ఉంది.

"మీకేం లేదు గద మేడం!" అన్నాడు నరహరి, ఏడవడం ఒక్కటే తక్కువగా.

"నాకేం లేదు నరహరీ" అంది ఆమె, మొగిలయ్య చేతిలోని పెన్ను తీసుకుంటూ. "నిన్ను చూస్తేనే వస్తది. ముప్పై ఒకటి నా పేర రాసుకుంటున్న."